ఎవరికి ఏం తెలుసు? విద్యా పరిశోధన గ్రాంట్లు చెప్పేవీ, చెప్పనివీ

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెడుతూ జీవో 81 తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మధ్యకాలంలో రాష్ట్రమంతా బోధనా మాధ్యమం గురించే మాట్లాడుకుంది. పేద పిల్లల భవిష్యత్తు గురించి ఒక పక్క, మాతృభాష గురించి మరో పక్క వాదనలు జోరుగా సాగాయి. నిజానికి ఈ విషయం మీద మన దేశంలో దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. అందులో చాలా భాగానికి డబ్బు పెట్టింది ప్రభుత్వమే. అయినా, "ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న పిల్లల చదువు మీద పనిచేసినవాళ్లు ఎవరెవరు? ఎక్కడున్నారు? వాళ్లకు తేలిందేమిటి?" అని ఆనాడు ఏ అధికారి అయినా అడిగి ఉంటే, ఒక్క చోట వెతికి జవాబు చెప్పే వీలు లేదు. ఈనాటికీ లేదు.

ఆ జవాబు అసలే లేదనడానికి లేదు. ముక్కలు ముక్కలుగా, ఎక్కువగా ఢిల్లీ ఆఫీసుల్లో, మంజూరు ఉత్తర్వులుగా, వినియోగ పత్రాలుగా, అట్ట వేసిన తుది నివేదికలుగా పడి ఉంది. పరిశోధనకు ఇచ్చిన ప్రతి గ్రాంటు వెనకా ఒక కథ ఉంటుంది. ఎవరో ఒక ప్రశ్న వేసుకున్నారు. తోటి పండితులు దాన్ని తూచి చూశారు. ప్రభుత్వం నమ్మి డబ్బిచ్చింది. కొందరు ఊళ్లకు, బడులకు వెళ్లి సమాచారం తెచ్చారు. చివరికి ఒక నివేదిక తయారైంది. ఇన్నేళ్లుగా ఈ కాగితాలను ఖర్చు లెక్కగా దాచుకుంటూ వచ్చాం. వాటిని జ్ఞానం లెక్కగా తెరవాల్సిన సమయం వచ్చింది. అలాగని డబ్బు వెళ్లిన దారినే పట్టుకుని పరిశోధకుల నైపుణ్య పటం గీస్తే, అది పలుకుబడి పటంగా తేలే ప్రమాదమూ ఉంది. ఇప్పటిదాకా జరిగిన ప్రయత్నాలను ఈ రెండు కోణాల నుంచీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బుచ్ సర్వేల నుంచి మొదలు

మన దేశంలో విద్యాశాస్త్రంలో తొలి పీహెచ్‌డీ 1943లో బొంబాయి విశ్వవిద్యాలయం ఇచ్చింది. 1947లో ఢిల్లీలో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ వెలిసింది. దాన్నీ, పాఠ్యపుస్తకాల పరిశోధన, వృత్తి మార్గదర్శనం, బేసిక్ విద్య వంటి పనులు చూసే మరికొన్ని సంస్థలనూ కలిపి 1961 సెప్టెంబరు 1న ఎన్‌సీఈఆర్‌టీని ఏర్పాటు చేశారు. పరిశోధనకు ప్రత్యేకంగా డబ్బు కేటాయించాలన్న ఆలోచన బలపడింది మాత్రం కొఠారీ కమిషన్ (1964-66) నాటికే. రాష్ట్రాలు విద్య మీద పెట్టే ఖర్చులో సుమారు ఒక శాతం పరిశోధనకు వెళ్లేలా లక్ష్యం పెట్టుకోవాలని ఆ కమిషన్ సూచించింది. దానికి సభ్య కార్యదర్శిగా పనిచేసిన జె.పి.నాయక్‌, 1969లో ఢిల్లీలో భారతీయ సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐసీఎస్‌ఎస్‌ఆర్‌ పుట్టినప్పుడు దానికి తొలి సభ్య కార్యదర్శి అయ్యారు. 1974లో ఎన్‌సీఈఆర్‌టీ లోపల ఎరిక్ అనే విద్యా పరిశోధన, ఆవిష్కరణల కమిటీ ఏర్పడి, బయటి పరిశోధకులకు కూడా గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

అదే 1974లో బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయం నుంచి ఎం.బి.బుచ్ సంపాదకత్వంలో విద్యా పరిశోధన మీద తొలి సర్వే వెలువడింది. రెండోది 1979లో వచ్చింది. మూడో సర్వే నుంచి ప్రచురణ ఎన్‌సీఈఆర్‌టీ చేతికి వచ్చింది. నాలుగోది 1991లో, ఐదోది 1997లో, ఆరోది 2006లో అచ్చయ్యాయి. ఎం.ఎడ్ చదివిన ప్రతి ఒక్కరికీ ఈ సంపుటాలు తెలుసు. పరిశోధన అంశం వెతుక్కోవడానికి, సినాప్సిస్‌లో "పూర్వ పరిశోధనల సమీక్ష" రాయడానికి లైబ్రరీలో మొదట తీసేవి అవే. ఒక్కో అధ్యయనానికీ ఉద్దేశం, పద్ధతి, ఫలితాలు చెప్పే సారాంశం ఉంటుంది. ఒక్కో రంగానికీ ఆ రంగం ఎటు పోతోందో వివరించే ధోరణి వ్యాసం ఉంటుంది. ఇంటర్నెట్ లేని రోజుల్లో దేశం నలుమూలల నుంచీ సమాచారం రాబట్టి ఇంత చేయడం మామూలు పని కాదు. మన దేశంలో విద్యా పరిశోధనకు గీసిన తొలి పటాలు ఇవే.

వాటి పరిమితులూ చెప్పుకోవాలి. వాటిలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలదే పెద్దపీట. గ్రాంటు తీసుకుని చేసిన ప్రాజెక్టులు ఉన్నా, డబ్బు ఎవరిచ్చారు, ఎంతమంది పనిచేశారు అన్న వివరాలు ముఖ్యం కాలేదు. అంశాల వారీగా అమర్చిన సంపుటాలు కనుక, ఒకే మనిషి ఇరవై ఏళ్లలో ఒక ప్రశ్నను ఎలా వెంటాడాడో వాటిలో పట్టుకోవడం కష్టం. పైగా ఆరో సర్వే 1993-2000 మధ్య కాలానికి చెందినది. అది అచ్చయ్యేనాటికే ఆ సమాచారానికి కనీసం ఆరేళ్లు నిండాయి. పరిశోధన ఏమిటో ఆ పటాలు చెప్పాయి. పరిశోధకుల జాడ మాత్రం వాటిలో అందలేదు.

ఢిల్లీలో ఎవరి దగ్గర ఏముంది

విద్యా పరిశోధనకు వెళ్లే కేంద్ర నిధుల కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే రాజధాని ప్రాంతమంతా తిరగాల్సి వస్తుంది. శ్రీ అరబిందో మార్గ్‌లో ఎన్‌సీఈఆర్‌టీ ఉంది. ఎరిక్ మంజూరు చేసిన ప్రాజెక్టుల వివరాలు దాని వార్షిక నివేదికల్లో దొరుకుతాయి. ఆ పక్కనే నీపా ఉంది. 1962లో యునెస్కో ప్రాంతీయ కేంద్రంగా మొదలైన ఆ సంస్థ 1979లో జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థగా మారింది, 2006లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. విద్యకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా ఖర్చవుతుంది అన్న అంశం మీద దశాబ్దాలు పనిచేసిన జంధ్యాల బి.జి.తిలక్ వంటి ఆర్థికవేత్తలు అక్కడి నుంచే దేశానికి తెలిశారు. జేఎన్‌యూ చేరువలోని అరుణా అసఫ్ అలీ మార్గ్‌లో ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఉంది. దాని అనుబంధ డాక్యుమెంటేషన్ కేంద్రం నాస్‌డాక్‌, అచ్చుకాని పరిశోధన నివేదికలను, సిద్ధాంత గ్రంథాలను కూడా భద్రపరుస్తుంది. బహదూర్ షా జఫర్ మార్గ్‌లో యూజీసీ ఉంది. కాలేజీ అధ్యాపకులకు అది ఇచ్చిన మైనర్ రీసెర్చ్ ప్రాజెక్టుల కాగితాల కోసం మాత్రం ఢిల్లీ దాటాలి. మన రాష్ట్రాల కాలేజీల వ్యవహారం హైదరాబాదులోని ఆగ్నేయ ప్రాంతీయ కార్యాలయం ద్వారా నడిచేది.

వీటన్నిటికంటే ఎక్కువగా మరుగున పడిన నిధి ఇంకొకటి ఉంది. 2001లో మొదలైన సర్వశిక్షా అభియాన్ నిబంధనల్లో పరిశోధన, మూల్యాంకనం, పర్యవేక్షణల కోసం ఒక్కో బడికి ఏటా 1,500 రూపాయల దాకా కేటాయింపు ఉండేది. ఒక బడికి చూస్తే అది చిన్న మొత్తమే. లక్షల బడులకు లెక్కగడితే అది దేశంలో విద్యా పరిశోధనకు దొరికిన అతి పెద్ద వనరుల్లో ఒకటి. ఆ డబ్బుతో జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, ఎస్‌సీఈఆర్‌టీలు, విశ్వవిద్యాలయాల విభాగాలు ఎన్నో అధ్యయనాలు చేశాయి. కేంద్ర స్థాయిలో సాంకేతిక సహాయ బృందాన్ని నడిపిన ఎడ్‌సిల్ సంస్థ కేంద్ర కార్యాలయం నోయిడాలో ఉంది. ఆ బృందం రాష్ట్రాల అధ్యయనాలకు సారాంశాలు తయారుచేసి సంపుటంగా తెచ్చింది కూడా. అయితే ఆ పనిచేసిన మనుషులను ఏ నిపుణుల జాబితాలోనూ ఎవరూ చేర్చలేదు.

ఒక్కో సంస్థా తన అవసరానికి తగ్గట్టు, తనదైన పద్ధతిలో సమాచారం పెట్టుకుంటుంది. ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఎంపికైన ప్రాజెక్టుల జాబితాలను పీడీఎఫ్‌లుగా పెడుతుంది. అలాంటి జాబితాలో ఒక వరుసను ఊహించుకుందాం: క్రమసంఖ్య, పరిశోధకుడి పేరు, విశ్వవిద్యాలయం, "సవర పిల్లల తొలి చదువు: శ్రీకాకుళం జిల్లా అధ్యయనం" అన్న శీర్షిక. దీన్నిబట్టి ఈ పరిశోధకుడికి సవర భాష వచ్చా? గతంలో ఇదే అంశం మీద పనిచేశాడా? ప్రాజెక్టు పూర్తయిందా? నివేదిక ఎక్కడ దొరుకుతుంది? ఒక్కదానికీ జవాబు లేదు. ఈ సమాచారమంతా ఫైలులో ఉంటుంది. దరఖాస్తులో బయోడేటా, నిపుణుల అభిప్రాయాలు, విడతల వారీ చెల్లింపులు, జీఎఫ్‌ఆర్ 12-ఏ నమూనాలో వినియోగ పత్రం, చివర్లో తుది నివేదిక, అన్నీ ఉంటాయి. వినియోగ పత్రం అందితే లెక్క ముగుస్తుంది, ఫైలు మూతపడుతుంది. ఆడిట్ అడిగేది ఆ పత్రాన్నే. నివేదికలో ఏం తేలిందని అడిగే బాధ్యత ఎవరిదో ఏ నిబంధనలోనూ స్పష్టంగా లేదు.

అంశాల వర్గీకరణ కూడా సంస్థ సంస్థకూ మారుతుంది. 2018లో మొదలై 414 కోట్లతో, 1,500 ప్రాజెక్టుల లక్ష్యంతో ఐసీఎస్‌ఎస్‌ఆర్ ద్వారా నడిచిన ఇంప్రెస్ పథకంలో 11 రంగాలు పెట్టారు. అందులో విద్యను "సైన్స్, విద్య" అంటూ ఒకే గంపలో వేశారు. ఆ పథకంలో విద్య మీద ఎంత పని జరిగిందో తేల్చాలంటే శీర్షికలు ఒక్కొక్కటీ చదివి విడదీయాల్సిందే. గ్రామీణాభివృద్ధి, ఉపాధి, మీడియా రంగాల కింద మంజూరైన వాటిలోనూ బడికి సంబంధించినవి ఉండవచ్చు కనుక, వాటినీ వదలకూడదు.

డిజిటల్ సాధనాలు తెచ్చిన మార్పు

గత పదిహేనేళ్లలో పరిస్థితి కొంత మెరుగుపడిన మాట నిజం. యూజీసీ 2009 నిబంధనలు పీహెచ్‌డీ గ్రంథాల డిజిటల్ ప్రతి సమర్పించడాన్ని తప్పనిసరి చేశాయి. దాంతో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ నిండింది. అక్కడ గ్రంథంతో పాటు పరిశోధకుడి పేరు, గైడు పేరు, విభాగం, విశ్వవిద్యాలయం ఉంటాయి. ఒక గైడు దగ్గర ఏయే అంశాల మీద ఎంతమంది పనిచేశారో ఇవాళ ఎవరైనా గంటలో చూసుకోవచ్చు. అదే సంస్థ నడిపే విద్వాన్‌లో నిపుణుల వివరాలు, ప్రచురణలు ఉంటాయి. ఐఆర్‌ఐఎన్‌ఎస్ సంస్థల వారీగా పరిశోధకుల ప్రచురణలను కూరుస్తుంది.

ఈ సాధనాలు ప్రచురణల చుట్టూ, సిద్ధాంత గ్రంథాల చుట్టూ తిరుగుతాయి. గ్రాంటు అందులో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నిపుణుడు స్వయంగా నింపితేనో, అతని సంస్థ శ్రద్ధ తీసుకుంటేనో ప్రాజెక్టుల వివరాలు చేరతాయి. నిధులిచ్చిన సంస్థ నుంచి ఆ సమాచారం నేరుగా వచ్చి చేరే దారి లేకపోవడం అసలు లోపం. డబ్బిచ్చిన చోట ఒక జాబితా, పని చూపించే చోట మరో జాబితా. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

ఈ రెండింటినీ కలపబోతే మొదట అడ్డం పడేది పేరు. తెలుగు పరిశోధకుల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. మనకు ఇంటిపేరు ముందుంటుంది, తరచు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. కె.శ్రీనివాసరావు అన్న పేరును ఒక జాబితా అలాగే రాస్తుంది. మరో జాబితా "శ్రీనివాస రావు కె." అంటుంది. అంతర్జాతీయ పత్రిక చివరి మాటను ఇంటిపేరుగా భావించి "రావు, కె.ఎస్." అని అచ్చేస్తుంది. దాంతో రావు, రెడ్డి, కుమార్‌ల కింద వేర్వేరు మనుషుల పని ఒకరి ఖాతాలో పోగవుతుంది. ఒకే మనిషి పని మూడు పేర్ల కింద చెల్లాచెదురవుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మహిళల తొలినాళ్ల పని వాళ్లదిగా లెక్కలోకే రాదు. 2012లో మొదలైన ఓర్సిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఈ బాధ తీర్చేందుకే వచ్చింది. దరఖాస్తు నుంచి తుది నివేదిక దాకా దాన్ని తప్పనిసరి చేస్తే ముందు ముందు తికమక తగ్గుతుంది. పాత కాగితాలకు మాత్రం ఆ మనుషులు తెలిసినవాళ్లు కూర్చుని ఓపిగ్గా కలపడం తప్ప మరో మార్గం లేదు.

ఇతర దేశాల దారి

జపాన్ ఈ పని చాలా ముందే మొదలుపెట్టింది. అక్కడి ప్రభుత్వ పరిశోధన గ్రాంట్లను చూపించే కాకెన్ అనే డేటాబేస్‌లో 1965 నాటి నుంచి వివరాలు ఉన్నాయి. ప్రతి పరిశోధకుడికీ ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని తెరిస్తే ఆయన జీవితంలో తీసుకున్న గ్రాంట్లు, సహ పరిశోధకుల పేర్లు, నివేదికలు వరుసగా కనిపిస్తాయి. బ్రిటన్‌లో గేట్‌వే టు రీసెర్చ్, అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అవార్డుల డేటాబేస్ దాదాపు ఇదే పని చేస్తాయి. గ్రాంటు వివరాలతో పాటే దాని సారాంశం కూడా బయట పెట్టడం వీటిలో ఉన్న మంచి పద్ధతి.

అలాంటి సారాంశాల వల్లే తర్వాతి అడుగు సాధ్యమైంది. 2011లో అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల సారాంశాల్లోని మాటలను కంప్యూటరు చేత చదివించి, ఏ గ్రాంటు ఏ గ్రాంటుకు దగ్గరో చూపించే పటం ఒకటి నేచర్ మెథడ్స్ పత్రికలో వచ్చింది. ముందుగా గీసుకున్న గడులతో పని లేకుండా, పరిశోధకులు వాడిన మాటలే వర్గాలను ఏర్పరిచాయి. మన ఇంప్రెస్ పథకంలో విద్య సైన్సులో కలిసిపోయిన చిక్కును ఈ పద్ధతి తేలిగ్గా విప్పగలదు. దానికి కావలసిందల్లా రెండు పేరాల సారాంశం. ఒక్క వరుస శీర్షికతో ఏ యంత్రమూ అంత పని చేయలేదు.

ఇంకో ప్రయత్నం ఇంతకంటే విలువైనది. యూమెట్రిక్స్ అనే సమాచార నిధిలో అమెరికా విశ్వవిద్యాలయాలు తమ గ్రాంట్ల నుంచి ఎవరెవరికి జీతాలు వెళ్లాయో చూపించాయి. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, గ్రాంట్ల డబ్బుతో పనిచేసేవాళ్లలో ప్రొఫెసర్లు ఐదో వంతు కూడా లేరు. మిగిలినవాళ్లంతా విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లు, సిబ్బంది. ప్రధాన పరిశోధకుడి పేరుతోనే నైపుణ్యాన్ని కొలిచే పటాలు ఎంతమందిని వదిలేస్తున్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగు నేల మీద పరిశోధన ఎక్కడ నమోదైంది

ఆంధ్ర, తెలంగాణ బడుల మీద జరిగిన పెద్ద పరిశోధనల్లో కొన్నింటికి విదేశీ ప్రజాధనం ఆధారం. 1980ల్లో మొదలై 1996 దాకా సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకానికి బ్రిటన్ సహాయం అందించింది. దాని మూల్యాంకనంలో ససెక్స్ విశ్వవిద్యాలయం పండితులు పాలుపంచుకున్నారు, ఆ అనుభవాన్ని బ్రిటిష్ విద్యా పరిశోధన పత్రికలో రాశారు. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి అనుసరించింది. శ్రీకాకుళం నుంచి మహబూబ్‌నగర్ దాకా ఊళ్లలో, హైదరాబాదులో ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు. దానికి ప్రధానంగా డబ్బు పెట్టింది బ్రిటన్ ప్రభుత్వం. నడిపింది ఆక్స్‌ఫర్డ్. క్షేత్రంలో భుజం కలిపినవి హైదరాబాదులోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్‌), తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. ఆ సమాచారం ఇవాళ బ్రిటన్ డేటా భాండాగారంలో ఉంది, ఏ దేశపు పరిశోధకుడైనా నమోదు చేసుకుని వాడుకోవచ్చు.

2005లో మొదలైన మరో పెద్ద అధ్యయనంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్ ఐదు జిల్లాల్లో 500 గ్రామీణ బడుల్లో ప్రయోగాలు చేశారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి దాన్ని నడిపించాయి. పిల్లల ఫలితాలను బట్టి ఉపాధ్యాయులకు ప్రోత్సాహకం ఇస్తే ఏమవుతుందన్న దాని ఫలితాలు ప్రపంచమంతా చర్చకు వచ్చాయి. ఇక 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ సవర, కువి, కోయ, గోండి వంటి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టింది. ఇలాంటి బహుభాషా విద్య మీద దేశంలోనే పేరున్న అజిత్ మొహంతి ఢిల్లీలో, జేఎన్‌యూ జాకిర్ హుసేన్ కేంద్రంలో ఉండేవారు. ఆయన బృందం అక్కడ నడిపిన జాతీయ వనరుల కేంద్రానికి యునిసెఫ్ తోడ్పడింది.

వీటిలో ఏదీ ఐసీఎస్‌ఎస్‌ఆర్ జాబితాలో గానీ, ఎరిక్ జాబితాలో గానీ కనిపించే రకం కాదు. భారత ప్రభుత్వ గ్రాంట్ల ఆధారంగానే నైపుణ్య పటం గీస్తే, తెలుగు పిల్లల చదువు గురించి అతి లోతుగా తెలిసినవాళ్లలో చాలామంది అందులో ఉండరు. బ్రిటన్ వాళ్ల డేటాబేస్ తెరిస్తే కొందరు దొరుకుతారు. మన పిల్లల గురించి మనకంటే వాళ్ల లెక్కల్లో ఎక్కువ స్పష్టత ఉండటం మన విద్యా పరిపాలనకు మింగుడుపడని నిజం.

పటం చూపించని మనుషులు

ఏదైనా పరిశోధన నివేదిక తెరిచి, మొదటి పేజీల్లో ఉండే కృతజ్ఞతలు చదవండి. ప్రధాన పరిశోధకుడి పేరు అట్ట మీద ఉంటుంది. ఆయనకు పరిచయం లేని ఊళ్లలో పంచాయతీ కార్యదర్శిని ఒప్పించిన కుర్రాడు, కోయ తెలిసి పిల్లలను మాట్లాడించిన అమ్మాయి, ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చి "హోంవర్కు"కు ఆ ఊరివాళ్లు వాడే మాట ఏదో కనిపెట్టిన డీఎడ్ నిరుద్యోగి, వీళ్ల పేర్లు ఆ పేజీలో వరుసగా ఉంటాయి. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లుగా నెలల కాంట్రాక్టు మీద పనిచేస్తారు. ప్రాజెక్టు అయిపోగానే మరో ప్రాజెక్టు వెతుక్కుంటారు, లేదా డీఎస్సీకి చదువుకుంటారు. క్షేత్రం గురించి వాళ్లకున్న జ్ఞానం మరెవరికీ లేదు. ఏ పటంలోనూ వాళ్లు లేరు. అమెరికా అనుభవం చెప్పింది కూడా ఇదే.

గ్రాంటు దక్కడానికీ, తెలివికీ మధ్య దూరం ఉందన్నది రెండో సంగతి. పేరున్నవాళ్లకే మరింత పేరు, వనరులున్న చోటికే మరిన్ని వనరులు చేరతాయని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే వివరించాడు. దరఖాస్తు రాయడం తెలిసినవాళ్లు, ఆఫీసు వ్యవహారం నడపగల సిబ్బంది ఉన్న సంస్థలు, ఢిల్లీలో జరిగే ప్రజెంటేషన్‌కు సులువుగా వెళ్లగలిగినవాళ్లు ముందుంటారు. అనంతపురం జిల్లా డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కు అది అంత సులువు కాదు. జాబితాల ఆధారంగానే నిపుణుల కమిటీలు వేస్తే, ఆ కమిటీలు మళ్లీ అలాంటివాళ్లకే గ్రాంట్లు ఇస్తాయి. పటమే దారిని ఇరుకు చేస్తుంది.

మూడోది భాష. ఇంగ్లీషులో అచ్చయిన వ్యాసాలే లెక్కకు వస్తాయి. తెలుగులో రాసిన విద్యా పరిశోధన, ఉపాధ్యాయులు చేసిన చర్యా పరిశోధన, జిల్లా సంస్థలు వేసిన పుస్తకాలు అంతర్జాతీయ సూచికల దరిదాపుల్లోకి రావు. బడి గదిలో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూసినవాళ్ల రాతలు అవే.

కొందరు ఇంకో అభ్యంతరం చెబుతారు. ఇలాంటి పటాలు కొలబద్దలుగా మారి, పరిశోధకులను గ్రాంట్ల సంఖ్యతో తూచే దుస్థితికి దారి తీస్తాయని వాళ్ల భయం. అది సమంజసమైన భయమే. అధ్యాపకుల పదోన్నతికి పాయింట్లు లెక్కగట్టే పద్ధతి తెచ్చాక అచ్చు పత్రికల నాణ్యత ఎలా పడిపోయిందో అందరం చూశాం. అయితే ఆ భయానికి విరుగుడు కాగితాలు దాచిపెట్టడంలో లేదు. పటాన్ని ర్యాంకులకు వాడకూడదన్న నియమం పెట్టుకోవచ్చు. ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు పటం జవాబు చెప్పనక్కర్లేదు. ఎవరిని అడగాలో చెబితే చాలు.

కావలసింది కొత్త సంస్థ కాదు

2023లో పార్లమెంటు అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ చట్టం చేసింది. ఐదేళ్లలో 50,000 కోట్లు సమీకరిస్తామని ప్రభుత్వం అప్పుడు ప్రకటించింది. జాతీయ విద్యా విధానం 2020 ఊహించిన సంస్థ అన్ని శాస్త్రాలకూ అండగా ఉండాల్సింది. చట్టంలోకి వచ్చేసరికి సామాజిక, మానవీయ శాస్త్రాలకు సైన్సు, సాంకేతికతలతో కలిసే అంచున మాత్రమే చోటు దక్కింది. కనుక విద్యా పరిశోధన భారం ఇకముందు కూడా ఐసీఎస్‌ఎస్‌ఆర్‌, ఎన్‌సీఈఆర్‌టీ, నీపాల మీదే ఉంటుంది. పటం గీసే బాధ్యతా వాటిదే.

దీనికి భారీ బడ్జెట్ అక్కర్లేదు. ఈ మూడు సంస్థలూ, యూజీసీ కలిసి గ్రాంట్లన్నింటికీ ఒకే నమూనా ఒప్పుకోవాలి. పరిశోధకుడి ఓర్సిడ్ సంఖ్య, శీర్షిక, రెండు పేరాల సారాంశం, జిల్లా పేరు, భాష, మంజూరైన మొత్తం, ప్రాజెక్టు స్థితి అందులో ఉండాలి. ఆ సమాచారం నేరుగా విద్వాన్‌కు వెళ్లాలి. వినియోగ పత్రంతో పాటు తుది నివేదిక కూడా అందరికీ కనబడేలా పెట్టాకే చివరి విడత విడుదల కావాలి. కృతజ్ఞతల పేజీలో ఉన్న క్షేత్ర పరిశోధకుల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, వాళ్లకు తెలిసిన భాషలతో సహా నమోదు కావాలి. పరిశోధన జరిగిన రాష్ట్రపు భాషలో నాలుగు పేజీల సారాంశం తప్పనిసరి చేయాలి. నాస్‌డాక్‌లోని పాత నివేదికలను స్కాన్ చేసి బయట పెట్టాలి. ప్రజాధనం ఎవరికి, దేనికి వెళ్లిందో అడక్కుండానే ప్రకటించాలన్న స్ఫూర్తి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో 2005 నుంచీ ఉంది. కొత్త చట్టం కావాలంటూ ఎదురుచూడాల్సిన పని లేదు.

తెలుగు రాష్ట్రాలు ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు కూడా. ఉస్మానియా ప్రాంగణంలో ఐసీఎస్‌ఎస్‌ఆర్ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. సెస్ ఉంది, రెండు రాష్ట్రాలకూ ఎస్‌సీఈఆర్‌టీలు ఉన్నాయి. సర్వశిక్షా అభియాన్ కాలంలో రెండు రాష్ట్రాల్లో జరిగిన అధ్యయనాలతో మొదలుపెట్టి, అవి చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో వెతికి పట్టుకోవచ్చు. వాళ్లలో చాలామంది రిటైర్‌మెంటుకు దగ్గరయ్యారు, కొందరు ఇప్పటికే రిటైరయ్యారు. వాళ్లు చూసినదీ, వాళ్ల సంచుల్లో ఉండిపోయిన ప్రశ్నావళులూ వాళ్లతోనే పోకముందే ఈ పని జరగాలి. ప్రజల డబ్బుతో నేర్చుకున్నది ప్రజలకు దొరికేలా ఉంచడం పరిశోధన సంస్థలు చేసే ఉపకారమేమీ కాదు, అది గ్రాంటుతో పాటే వచ్చిన బాధ్యత.